డెనిస్ బర్కిట్ వైద్యుని జీవితచరిత్రము

వైద్యశాస్త్రమున పేరుగన్న మహనీయులు పలువురు కలరు. వారిలో కొందఱు గొప్ప ప్రయోగశాలలయందు విలువైన యంత్రముల నడుమ కూర్చుండి క్రొత్త సంగతులను కనిపెట్టిరి. మఱికొందఱు అట్టి సాధనము లేవియు లేకయే, కంటితో జూచినదానిని శ్రద్ధగా వ్రాసికొని, ఒకచోటి లెక్కను వేఱొకచోటి లెక్కతో సరిచూచి, లోకమునకు మహోపకారము గావించిరి. ఈ రెండవ తెగకు జెందినవాడు డెనిస్ బర్కిట్. ఆయనకు చూపు గలది ఒక కన్ను మాత్రమే. ఆయన చేతనుండినవి శస్త్రవైద్యుని కత్తియు, ఆఫ్రికా ఖండపు పటమును. ఆ పటము చూపిన త్రోవను బోయి శాస్త్రజ్ఞులు మనుష్యులలో క్యాన్సరుతో సంబంధము గల మొట్టమొదటి వైరసును కనుగొనిరి. ఆ వైరసును మనుష్యశరీర మెట్లు ఎదుర్కొనుచున్నదో, ఎట్లు జీవితాంతము కట్టడిలో నుంచుచున్నదో, ఆ కట్టడి సడలినపుడేమగునో తెలియుటకు ఈయన పరిశ్రమయే మూలము.

బాల్యము, విద్య

డెనిస్ పార్సన్స్ బర్కిట్ 1911వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఐర్లండు ఉత్తరభాగమందలి ఎన్నిస్కిల్లెన్‌లో జన్మించెను. తండ్రి జేమ్స్ పార్సన్స్ బర్కిట్ ఆ జిల్లాకు సర్వేయరు. ఉద్యోగపు పనులు ముగిసిన పిదప ఆయనకు పక్షులను పరిశీలించుట ప్రీతి. రాబిన్ అను చిన్న పిట్టలను పట్టి, కాళ్లకు గుర్తు కడియములు తొడిగి విడిచి, ఏ పిట్ట ఏ పొద మొదలు ఏ కంచె వఱకు తనదిగా నేలుకొనుచున్నదో కనిపెట్టి పటము గీచెను. పొలములకు హద్దులు గీచినట్లు పిట్టల రాజ్యములకు హద్దులు గీచిన ఆ పని పక్షిశాస్త్రమున నేటికిని పేర్కొనబడుచున్నది. తండ్రి చేసిన ఈ పనినే కుమారుడు రోగముల విషయమున చేయగలడని ఆనాడెవ్వరును తలపలేదు.

డెనిస్‌కు 11వ యేట గొప్ప ఆపద వాటిల్లెను. బడిపిల్లలు రాళ్లు రువ్వుకొనుచుండగా నొక రాయి వచ్చి తగిలి కంటియద్దము పగిలెను. గాజుముక్కలు లోపల గ్రుచ్చుకొనుటచే కుడికన్ను పోయెను. ఆనాటినుండి గాజుకన్నే ఆయనకు గతియయ్యెను. ఐనను ఆ లోపమును గుర్చి ఆయన దుఃఖించుచు గూర్చుండలేదు.

1929లో డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలయందు ఇంజనీరింగు చదువ జేరెను. తండ్రి త్రోవను నడువవలెనని తలంపు. కాని ఆ చదువు మనస్సునకు పట్టలేదు. ఆయన దైవభక్తి గలవాడు. తన బ్రదుకు పరుల కుపకరించు మార్గమేది యని విచారించి వైద్యవిద్యకు మాఱెను. 1935లో వైద్యపట్టమును బొంది, 1938లో ఎడింబరోలో శస్త్రవైద్యుల పరీక్షయందు కృతార్థుడయ్యెను. తరువాత నొక ఓడలో వైద్యుడుగా మంచూరియా వఱకు పయనించెను. ఆ పయనములోనే దూరదేశముల సేవ చేయవలెనను కోరిక స్థిరపడెను. ఆఫ్రికాలో కొలువు కొఱకు ఆంగ్లప్రభుత్వపు వలసరాజ్య శాఖకు దరఖాస్తు పెట్టగా, ఒంటికన్ను కారణముగా నది త్రోసివేయబడెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1941లో సైనిక వైద్యశాఖలో జేరి తూర్పు ఆఫ్రికాలోను, సింహళములోను పనిచేసెను. 1943లో ఓలివ్ రోజర్స్ అను నర్సును వివాహమాడెను. సైన్యములో నుండగానే ఉగాండా దేశమును జూచి ముచ్చటపడెను. యుద్ధము ముగిసిన పిదప 1946లో మరల దరఖాస్తు పెట్టెను. ఈ మాఱు ఒంటికన్ను అడ్డురాలేదు.

వరిబీజపు లెక్క

మొదట ఆయనను ఉగాండా ఉత్తరభాగమున లాంగో జిల్లాలోని లిరా అను ఊరికి పంపిరి. విశాలమైన ఆ జిల్లాలో వైద్యుడు చేయవలసిన పనికి అంతు లేదు. పురుళ్లు, విఱిగిన యెముకలు, పుండ్లు, జ్వరములు అన్నియు ఆయన వద్దకే వచ్చుచుండెను. ఆ రద్దీలో ఆయన యొక చిన్న సంగతి గమనించెను. వరిబీజముతో వచ్చు మగవారు జిల్లా తూర్పుభాగము నుండి మెండుగాను, పడమటి భాగము నుండి బహు కొలదిగాను వచ్చుచుండిరి. ఇట్లేల యని ప్రశ్నించుకొని, ఊరూర లెక్క తీసి, 1951లో ఆ వివరమును ప్రకటించెను. వరిబీజమునకును బోదకాలునకును మూలమగు ఫైలేరియా పురుగును దోమలు వ్యాపింపజేయునని కోస్తా ఆంధ్రదేశపు గ్రామములవారు చిరకాలముగా ఎఱిగినదే. రోగమేమి యని యడుగుటతో తృప్తి పడక, రోగమెచ్చట నున్నది, ఎచ్చట లేదు అని యడుగుట బర్కిట్‌కు లిరాలో అలవడెను.

తరువాత ఆయన రాజధానియగు కంపాలాకు మాఱి, మూలాగో ఆస్పత్రిలో శస్త్రవైద్యుడుగా కుదురుకొనెను.

దవడల కంతి

1957లో ఒకనాడు అదే ఆస్పత్రిలోని హ్యూ ట్రోవెల్ అను వైద్యుడు ఐదేండ్ల బాలునొకనిని చూడుమని బర్కిట్‌ను పిలిచెను. ఆ బాలుని రెండు దవడలును, పైనను క్రిందను, ఇరుప్రక్కల వాచి, ముఖము వికృతమై, పండ్లు కదలిపోవుచుండెను. చీముపట్టిన గడ్డయనుకొన్నచో నాలుగుచోట్ల ఒక్కమాఱుగా రాదు. సామాన్యమైన కంతియనుకొన్నను నాలుగుచోట్ల పుట్టదు. బర్కిట్‌కు ఏమియు తోచలేదు. బాలుని ఛాయాచిత్రమును తీసి యుంచుకొనెను.

కొన్ని వారములు గడచినవి. విక్టోరియా సరస్సు తీరమునగల జింజా ఆస్పత్రిని తనిఖీ చేయబోయినపుడు, కిటికీగుండ బయటకు జూడగా, పచ్చికపై తల్లితో గూర్చున్న యొక బిడ్డ కనబడెను. అదే వాపు, అవే నాలుగుచోట్లు. ఒకటి వింత కావచ్చును, రెండును వింతలు కాజాలవని ఆయన వెంటనే బయటకు బోయి బిడ్డను పరీక్షించెను. ఈ బిడ్డకు కడుపులోనను కంతులుండెను.

అది మొదలు ఆయన మూలాగో ఆస్పత్రి పాత రికార్డుల నన్నిటిని తిరుగవేయ జొచ్చెను. దవడ కంతి యని యొకచోట, మూత్రపిండపు కంతి యని యొకచోట, అండాశయపు కంతి యని వేఱొకచోట వ్రాయబడిన బిడ్డలు నిజమునకు ఒకే రోగముతో మరణించిరని తెలిసెను. అదే నగరమున 1897లో మెంగో ఆస్పత్రిని స్థాపించిన ఆల్బర్ట్ కుక్ వైద్యుడు తొలినాళ్లలోనే అట్టి బిడ్డల బొమ్మలను తన పుస్తకములలో గీచి యుంచెను. అర్ధశతాబ్దము వఱకు ఆ బొమ్మల నడుగువారు లేకపోయిరి. వ్రాసి యుంచినవాడు లేకున్నచో, ఈ రోగము క్రొత్తది కాదని బర్కిట్‌కు తెలియుట దుర్లభమై యుండెడిది.

1958లో బర్కిట్ 38 మంది బిడ్డల వృత్తాంతములతో నొక వ్యాసమును శస్త్రవైద్యుల పత్రికలో ప్రచురించెను. ఎవ్వరును దానిని అంతగా పట్టించుకొనలేదు. తరువాత కంపాలాలోని రోగనిర్ణయ శాస్త్రజ్ఞులు కంతిముక్కలను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, ఇది రక్తములోను బిళ్లలలోను ఉండు లింఫోసైట్లు అను తెల్లకణముల నుండి పుట్టిన క్యాన్సరని నిర్ణయించిరి. అట్టి క్యాన్సరునకు లింఫోమా యని పేరు. ఈ ప్రత్యేకమైన జాతికి కాలక్రమమున బర్కిట్ లింఫోమా యను పేరు స్థిరపడెను.

ఇరువదియైదు పౌన్ల పటము

కత్తితో దవడ కోసినను కంతి మరల పెరుగుచుండెను. బిడ్డలు కొలది నెలలలోనే మరణించుచుండిరి. తల్లులు ఎంతో దూరమునుండి నడచివచ్చి బిడ్డలను ఆయన చేతిలో పెట్టుచుండిరి. వారిని ఉత్తచేతులతో పంపుట బర్కిట్‌కు దుర్భరమయ్యెను. చికిత్స దొరకనపుడు కారణమునైన వెదకవలెనని నిశ్చయించుకొని, లిరాలో నేర్చిన ప్రశ్ననే మరల వేసెను. ఈ రోగ మెచ్చట నున్నది? ఎచ్చట లేదు?

ప్రథమమున ఆయనకు లభించిన ధనసహాయము 25 పౌన్లు. దానితో వ్యాధిగ్రస్తులగు బిడ్డల చిత్రములు గల కరపత్రములను అచ్చొత్తించి, ఆఫ్రికా యంతటగల ఆస్పత్రులకు వేయికి పైగా పంపెను. ఇట్టి బిడ్డలను మీరు చూచితిరా, చూచినచో ఏ యూరివారు అని యడిగెను. జవాబులు వచ్చినకొలది గోడమీది పటమున గుండుసూదులు గ్రుచ్చుచుండెను. క్రమముగా ఆ సూదులు భూమధ్యరేఖకు ఇరువైపుల ఖండమునకు అడ్డముగా నొక పట్టీవలె ఏర్పడి, తూర్పుతీరము వెంట దక్షిణమునకు తోకవలె సాగెను. పట్టీ నడుమ గూడ సూదులు లేని చోట్లు కొన్ని కనబడెను.

దక్షిణపు హద్దును స్వయముగా చూచి రావలెనని 1961 అక్టోబరులో బర్కిట్ తన మిత్రులగు టెడ్ విలియమ్స్, క్లిఫ్ నెల్సన్ అను ఇద్దఱు వైద్యులతో గూడి బయలుదేఱెను. 250 పౌన్లకు కొన్న పాత ఫోర్డు బండి వారి వాహనము. 10 వారములలో 10,000 మైళ్లు తిరిగి, సుమారు 60 ఆస్పత్రులను దర్శించిరి. బండి వెలతో గూడ యాత్ర వ్యయమంతయు 700 పౌన్లు దాటలేదు.

ఈ యాత్రలో తేలినది ఇది. భూమధ్యరేఖ దాపున 5,000 అడుగులకు మించిన ఎత్తుగల చోట్ల ఈ కంతి లేదు. దక్షిణమునకు పోయినకొలది ఆ హద్దు దిగుచు దిగుచు 1,000 అడుగులకు వచ్చుచున్నది. కావున నిది ఎత్తు హద్దు గాదు, చలి హద్దు. చలి మిక్కుటమైనచోటను, వాన మిక్కిలి తక్కువైనచోటను రోగము లేదు. వెచ్చదనము, తడి గోరునది దోమ. దోమ మోసికొనివచ్చు వైరసేదో ఈ కంతిని కలిగించుచున్నదని బర్కిట్ ఊహించెను.

లండనులో వైరసు చిక్కుట

ఆ యాత్రకు కొన్ని నెలలు ముందుగా, 1961 మార్చి 22వ తేదీన, బర్కిట్ సెలవులో లండను వెళ్లి మిడిల్‌సెక్స్ ఆస్పత్రి వైద్యకళాశాలలో నొక ఉపన్యాసము చేసెను. శ్రోతలలో ఆంథోనీ ఎప్‌స్టీన్ అను యువశాస్త్రజ్ఞు డుండెను. ఆయన కోళ్లకు క్యాన్సరు తెచ్చు వైరసును గుర్చి పరిశోధించుచుండెను. కోళ్లలో వైరసు క్యాన్సరును తెచ్చునని 1911లోనే, అనగా బర్కిట్ పుట్టిన యేటనే, పేటన్ రౌస్ అను నాతడు అమెరికాలో చూపెను. మనుష్యులలో అట్టిది కానరాలేదు. బర్కిట్ చూపిన హద్దులను వినినంతనే, తాను వెదకుచున్నది దొరకెనని ఎప్‌స్టీన్ తలచెను. కంతిముక్కలను తనకు పంపుమని కోరెను.

అప్పటినుండి కంపాలాలో కోసిన కంతిముక్కలు విమానములో లండను చేరుచుండెను. రెండేండ్లకు పైగా ఎన్ని విధముల వెదకినను వైరసు జాడ లేదు. 1963 డిసెంబరులో నొకనాడు లండనులో పొగమంచు క్రమ్మి విమానము మాంచెస్టరుకు మఱలింపబడెను. ఆలస్యముగా వచ్చిన సీసాలోని నీరు మబ్బుగా నుండెను. చెడిపోయినదని పాఱవేయక పరీక్షింపగా, కంతికణములు విడివిడిగా తేలుచు బ్రదికి యుండెను. అట్లు తేలనిచ్చియే వానిని పెంచవచ్చునని అపుడు తెలిసెను. ఈవన్ బార్ అను శాస్త్రజ్ఞురాలు ఆ కణములను పెంచుటలో తోడ్పడెను. ట్రినిడాడ్ దేశమున పుట్టిన బర్ట్ అచాంగ్ సూక్ష్మదర్శిని పనిలో సహాయపడెను. 1964 ఫిబ్రవరిలో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిక్రింద వైరసు స్పష్టముగా కనబడెను. మార్చి నెలలో ముగ్గురి పేర ఆ వార్త ప్రకటితమయ్యెను. నాటినుండి దానికి ఎప్‌స్టీన్-బార్ వైరసను పేరు కలిగెను.

ఒకే వైరసు, రెండు రోగములు

ఇది ఆఫ్రికా బిడ్డలకే పరిమితమైన వైరసని తొలుత తలచిరి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వెర్నర్ హెన్లే, గెర్ట్రూడ్ హెన్లే దంపతులు నెత్తురులో ఈ వైరసునకు ప్రతిగా పుట్టు ప్రతిరక్షకములను పరీక్షించు విధానమును కనిపెట్టిరి. పరీక్షింపగా నారోగ్యవంతులగు అమెరికనులలోను పెక్కుమందికి ఆ ప్రతిరక్షకములు కలవని తేలెను. అనగా వైరసు వారికిని సోకి పోయినదన్నమాట.

అది ఏ రోగరూపమున సోకెనో తెలియకుండెను. 1967లో వారి ప్రయోగశాలలో పనిచేయు నొక యువతికి జ్వరము, గొంతునొప్పి వచ్చి మెడ బిళ్లలు వాచెను. అంతకు ముందు ఆమె నెత్తురులో ఈ ప్రతిరక్షకములు లేవు. జ్వరము తగ్గిన పిదప కనబడెను. ఆమెకు వచ్చినది గ్రంథుల జ్వరము. పాశ్చాత్యదేశముల యువకులలో తఱచుగా కనబడుచు, కారణము తెలియక యుండిన ఆ రోగమునకును ఈ వైరసే మూలమని 1968లో ప్రకటించిరి.

నేడు ప్రపంచమున పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా ఈ వైరసు సోకినవారే. ఎంగిలి ద్వారా ఇది వ్యాపించును. శైశవమున సోకినచో తెలియకయే పోవును. యౌవనమున మొదటిసారి సోకినవారికి తఱచు గ్రంథుల జ్వరము వచ్చును.

శరీరము చేయు పోరు

ఈ వైరసు శరీరమున ప్రవేశించిన పిదప జరుగు కథ మిక్కిలి చిత్రమైనది. రోగములతో పోరాడు లింఫోసైట్లలో రెండు శాఖలు ముఖ్యములు. బి కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. టి కణములలోని యొక వర్గము రోగము సోకిన కణమును గుర్తించి చంపును. ఎప్‌స్టీన్-బార్ వైరసు దూరునది బి కణముల లోనికే. ఊరి తలారి యింటిలోనే దొంగ దాగినట్లు, కాపలా కాయవలసిన కణమే దానికి నివాస మగుచున్నది. లోపలికి బోయి ఆ కణమును విడువక విభజించుకొనునట్లు ప్రేరేపించును. ఒకటి రెండై, రెండు నాలుగై, బి కణములు పెరుగుచుండును.

అపుడు టి కణములు లేచును. వైరసు సోకిన బి కణములను వెదకి చంపుటకు అవి అనేక రెట్లు పెరుగును. కొందఱి నెత్తురులో ఆ దినములలో చంపెడు టి కణములలో సగమునకు చేరువగా ఈ యొక్క వైరసు మీదికే తిరిగియుండును. గ్రంథుల జ్వరమునందలి తాపము, బిళ్లల వాపు, ప్లీహము పెరుగుట, వారముల తరబడి యుండు నీరసము, ఇవి చాలవఱకు వైరసు చేసిన గాయములు కావు. శరీరము చేసిన యుద్ధపు సందడియే.

ప్రతిరక్షకములును ఒక క్రమమున వచ్చును. వైరసు పైతొడుగునకు ప్రతిగా మొదటి రకము జ్వరముతోనే పుట్టి కొన్ని నెలలలో మాయమగును. రెండవ రకము జీవితాంతము నిలుచును. కణకేంద్రములోని వైరసు పదార్థమునకు ప్రతిగా పుట్టునది రెండు మూడు నెలలు గడచిన గాని కానరాదు. ఏది యున్నదో, ఏది లేదో చూచి, సోకుట క్రొత్తదో పాతదో వైద్యులు నిర్ణయింతురు.

ఇంత పోరు జరిగినను వైరసు నిశ్శేషముగా నశింపదు. పది లక్షల బి కణములలో ఏ కొన్నిటియందో అణగి యుండును. టి కణములు దానిపై కన్నువేసియే యుండును. ఒకరినొకరు జయింపలేని యీ సంధి మరణపర్యంతము సాగును. అవయవములు మార్పిడి చేయించుకొన్నవారికి రోగనిరోధక శక్తిని మందులతో తగ్గింపవలసి వచ్చును. అట్టివారిలో కొందఱికి ఈ వైరసు వలననే లింఫోమా పుట్టుట కలదు. కాపలా లేనిచో ఏమగునో దీనివలన తెలియుచున్నది. 1990 తరువాతి దశకమున, ఈ వైరసును గుర్తించు టి కణములను రోగికెక్కించి అట్టి కంతులను కరగించుట గూడ సాధ్యమయ్యెను.

తన మతమును తానే సవరించుకొనుట

వైరసు లోకమంతట నున్నదని తేలగా బర్కిట్ ఊహకు చిక్కు వచ్చెను. ఎంగిలితో వ్యాపించు వైరసునకు దోమతో పనియేమి? అందఱికిని సోకు వైరసు ఆ పట్టీలోని బిడ్డలకే క్యాన్సరును తెచ్చుటేల? తన పేరును లోకమునకు దెలిపిన ఊహను వదలుట ఎట్టివారికైనను కష్టము. బర్కిట్ దానికి వెనుదీయలేదు. పటమును మరల ముందిడుకొని చూచెను. పట్టీలోపలనే యుండియు కంతి లేని చోట్లలో జాంజిబారు ద్వీపమొకటి. వేడి కలదు, వాన కలదు. అచ్చట మలేరియాను అదుపులో నుంచిరి. న్యూగినీ దీవిలో మలేరియా మెండుగా గల పల్లపు నేలలలో కంతి కలదు. మలేరియాకును కంతికిని సంబంధమున్నదని 1964లో గిల్బర్ట్ డాల్‌డార్ఫ్ మొదలగువారు సూచించి యుండిరి. 1969లో బర్కిట్ తానే యొక వ్యాసము వ్రాసి, దోమ తెచ్చునది వైరసు గాదు, మలేరియా యని, వైరసును మలేరియాయు గలిసియే ఈ కంతికి హేతువగునని పూర్వపు మతమును సవరించుకొనెను.

తరువాతి పరిశోధనలు దీనినే బలపఱచినవి. మాటిమాటికి వచ్చు మలేరియా బి కణములను అదేపనిగా పెరుగజేయును. వైరసును కనిపెట్టియుండు టి కణముల పట్టును సడలించును. అట్లు పెరుగు కణములలో నొకదానియందు 8వ క్రోమోసోము ముక్క సాధారణముగా 14వ దానితో తాఱుమాఱై, కణము పెరుగుదలకు పగ్గము లేకపోవును. ఆ కణములోని వైరసు తన గుర్తులను దాదాపు దాచివేయుటచే టి కణములు దానిని పోల్చుకొనజాలవు. ఉగాండాలోని వెస్ట్‌నైల్ జిల్లాలో సుమారు 42,000 మంది బిడ్డల నెత్తురు ముందుగా తీసి యుంచి, తరువాత కంతి వచ్చినవారి లెక్కతో సరిచూచిరి. కంతి వచ్చిన బిడ్డలలో ఈ వైరసునకు ప్రతిరక్షకములు రోగమునకు మునుపే అధికముగా నుండెనని 1978లో వెల్లడియయ్యెను.

మందు దొరకుట, తెలుగువాని పాత్ర

కారణము వెదకుచునే బర్కిట్ చికిత్సను మఱువలేదు. కంపాలాలో క్యాన్సరునకు కిరణచికిత్స చేయు యంత్రము లేదు. కావున మందులను ప్రయోగించి చూచెను. మొదట వాడిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పుట్టినది. ఆ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతిగా నుండి, ఈ జాతి మందుల తయారీని నడిపించినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి 1948లో న్యూయార్కులో కాలధర్మము నొందెను. తన మందు ఉగాండా బిడ్డల ముఖముల నుండి కంతిని తొలగించుట చూడ ఆయన జీవించి యుండలేదు.

సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్ అను మందులను గూడ బర్కిట్ వాడెను. వాచిన దవడలు దినములలోనే తగ్గుచుండెను. కొందఱు బిడ్డలు ఒకటి రెండు మోతాదులతోనే కోలుకొని ఏండ్ల తరబడి బ్రదికిరి. అంత కొలది మందు కంతిని సమూలముగా చంపజాలదు గనుక, మిగిలినదానిని బిడ్డ శరీరమే పోరాడి నశింపజేసియుండునని ఆయనయు, ఇతరులును భావించిరి. కత్తి చేయలేనిదానిని మందును, శరీరశక్తియు కలిసి చేసినవి. నేడు తగిన చికిత్స సకాలమున దొరికినచోట ఈ రోగము వచ్చిన బిడ్డలలో అధికసంఖ్యాకులు స్వస్థులగుచున్నారు. 1972లో ఆయనకు అమెరికాలో లాస్కర్ బహుమానము లభించెను. ఆ యేడే లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును వచ్చెను.

ఆహారమును గుర్చిన ప్రచారము, కడపటి దినములు

1966లో బర్కిట్ ఉగాండా విడిచి లండను చేరెను. అటుపిమ్మట ఆయన మనస్సు మఱియొక ప్రశ్నపై నిలిచెను. ఆఫ్రికా పల్లెలలో అరుదుగా నుండు మలబద్ధము, మూలశంక, ప్రేగుల క్యాన్సరు మొదలగునవి ధనికదేశములలో మెండుగా నుండుటేల? పీటర్ క్లీవ్ అను వైద్యుని అభిప్రాయములను విని, మరల పూర్వపు పద్ధతిలోనే ఆస్పత్రులకు జాబులు వ్రాసి లెక్కలు తెప్పించెను. ధాన్యపు తవుడును, కూరగాయల పీచును తీసివేసి తినుటయే కారణమని ప్రచారము చేసెను. 1979లో దీనిపై ఆయన వ్రాసిన పుస్తకము విశేషముగా వ్యాపించెను. అన్ని రోగములకును పీచులేమియే కారణమనుట అతిశయమని కొందఱు ఆక్షేపించిరి. ఐనను భోజనములో పీచు అవసరమని నేడు వైద్యులందఱు నంగీకరించుచున్నారు. దంపుడు బియ్యమును, ఆకుకూరలును ఎఱిగిన గ్రామస్థులకు ఈ మాట క్రొత్త గాదు.

1993 మార్చి 23వ తేదీన, 82వ యేట, బర్కిట్ ఇంగ్లండులోని గ్లాస్టరులో స్వర్గస్థుడయ్యెను.

ఎప్‌స్టీన్-బార్ వైరసును అరికట్టు టీకా ఇంకను జనసామాన్యమునకు అందలేదు. మలేరియాగల ఆఫ్రికా పల్లెలలో బిడ్డల దవడలు నేటికిని వాచుచునే యున్నవి. మందు అందక పోవుచున్న ప్రాణములును కలవు. కావున బర్కిట్ ప్రారంభించిన పని ముగిసినది కాదు. ఆయన చరిత్రము వలన యువకులు గ్రహింపదగిన వెన్నియో కలవు. కంటబడినదానిని వ్రాసి యుంచుకొనుట, రెండవసారి కనబడినపుడు దాని నుపేక్షింపకుండుట, లేనిచోటును గూడ ఉన్నచోటుతో సమముగా లెక్కించుట, తన ఊహ తప్పినదని లెక్క చెప్పినపుడు లెక్కనే మన్నించుట యనునవి వానిలో ముఖ్యములు. ఇందుకు గొప్ప ధనము గాని, గొప్ప యంత్రములు గాని అక్కఱలేదు. ఒక కన్ను, 25 పౌన్లు, ఒక పటముతో బర్కిట్ దానిని నిరూపించి పోయెను.